జ్ఞాపకం – గుర్తు – యాది

ఒక భాషలోని మాటకు మరొక భాషలో సరియైన మాట ఏదని విద్యార్థులు తరచుగా అడుగుతూ ఉంటారు. రాయి, నీరు, చెట్టు వంటి వాటి విషయంలో సమాధానం చెప్పడం సులభం. మనస్సులో జరిగే వ్యాపారాలను తెలిపే మాటల దగ్గరికి వచ్చేసరికి నిఘంటువు సగం దారిలోనే ఆగిపోతుంది. ఆంగ్లంలోని ‘మెమరీ’ అందుకు మంచి ఉదాహరణ. తెలుగు నిఘంటువులో దాని కెదురుగా జ్ఞాపకం, జ్ఞాపకశక్తి, స్మృతి, ధారణ అని ఉంటుంది. ఉర్దూ నిఘంటువులో యాద్, యాద్దాశ్త్, హాఫిజా అని ఉంటుంది. ఇవన్నీ పర్యాయపదాలే కదా అని ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి చూస్తే వాక్యం వెంటనే ఎదురుతిరుగుతుంది. ‘స్మృతి వచ్చింది’ అంటే జ్ఞాపకం వచ్చిందని కాదు, మూర్ఛ తేరిందని అర్థం. ‘మనుస్మృతి’ని ‘మనుజ్ఞాపకం’ అనలేము.

చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల నుండి వచ్చే మన విద్యార్థులలో చాలామంది ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పుస్తకంలో మూడవ భాష వాడేవారు. ఈ మాటల తేడాలు వారికి కేవలం పాండిత్య విషయాలు కావు. సమాధాన పత్రంలో ‘యాది’ అని వ్రాసిన విద్యార్థికి ఎర్రసిరా గీత పడుతున్నది. ఆ గీత న్యాయమా కాదా అన్నది తేల్చాలంటే ముందు ఈ పదాల స్వభావం తెలియాలి.

మనం శిష్టమని భావించే ‘జ్ఞాపకం’తోనే ప్రారంభిద్దాం. ఇది సంస్కృత పదం. ‘జ్ఞా’ అంటే తెలియడం. దాని ప్రేరణార్థకం ‘జ్ఞాపి’, అనగా తెలియజేయడం. కనుక జ్ఞాపకమంటే తెలియజేసేది అని మాత్రమే వ్యుత్పత్త్యర్థం. సంస్కృత వ్యాకరణంలో ఇది ఒక పారిభాషిక పదం కూడా. పాణిని సూత్రంలో ఏదైనా ఒక పదం అనవసరమన్నట్లు కనిపించి, ఆ కారణంగానే వేరొక నియమాన్ని సూచిస్తూ ఉంటే, వ్యాఖ్యాతలు దానిని ‘జ్ఞాపకం’ అన్నారు. అక్కడ జ్ఞాపకమంటే సూచన. మనస్సులో నిలిచినది అనే అర్థం దానికి దక్షిణదేశంలో బలపడింది. తెలుగువారు జ్ఞాపకమన్నట్లే కన్నడిగులూ అంటారు. తమిళులు ‘ఞాపకం’ అంటారు. హిందీలో మాత్రం ‘జ్ఞాపన్’ అంటే అధికారులకు సమర్పించే వినతిపత్రం. సంస్కృతం మాత్రమే చదివిన ఉత్తరాది పండితునికి మన ‘జ్ఞాపకం వచ్చింది’ ఒక చిన్న చిక్కుప్రశ్న వలె తోచవచ్చును.

ఇక మన సొంత మాట ‘గుర్తు’. దీనికి కన్నడంలోని ‘గురుతు’తోను, తమిళంలోని ‘కుఱి’తోను చుట్టరికమున్నది. దీని మొదటి అర్థం చిహ్నం. చర్లపల్లి పారిశ్రామికవాడలో క్రొత్తవాడు ఒక కర్మాగారానికి దారి అడిగితే, చెప్పేవాడు వీధి పేరు చెప్పడు, సంఖ్య చెప్పడు. “గుర్తు చెబుతాను వినండి” అని మొదలుపెట్టి రైలు గేటు, నీళ్ళ ట్యాంకు, వేపచెట్టు, టీ దుకాణం వరుసగా చెబుతాడు. ఎన్నికలలో పార్టీకి ఉండేది గుర్తు. సంతలో కొన్న మేకకు వేసేది గుర్తు. ఆ మాటే ‘నీ ముఖం గుర్తున్నది’ అన్నప్పుడు లోపలి విషయమయింది. కాళిదాసు నాటకం పేరులోని ‘అభిజ్ఞానం’ ఒక ఉంగరం. లంకలోని సీతమ్మకు హనుమంతుడు చూపినది ‘ఆనవాలు’, అదీ ఉంగరమే. ఉర్దూలో ‘నిశానీ’ అంటే ఒకవైపు చిహ్నం, మరొకవైపు పోయినవారు విడిచి వెళ్ళిన వస్తువు. సభల చివర అతిథుల చేతిలో పెట్టే ‘జ్ఞాపిక’ను కూడ ఇక్కడ చేర్చవచ్చును. అది ఎంతకాలం జ్ఞాపకం చేస్తుందన్నది దానిపై దుమ్ము తుడిచేవారికే తెలియాలి.

దీనినిబట్టి తెలుగువాడు ఎక్కువగా వాడే రెండు మాటలూ, ఒకటి సంస్కృతం నుండి వచ్చినా మరొకటి ఇంటిదైనా, ఒకే ఊహమీద నిలిచి ఉన్నవని తెలుస్తున్నది. బయట ఒక సూచన కనిపించాలి; అది లోపలి దానిని తెలియజేయాలి. ఈ ఊహలో ఒక ప్రమాదమున్నది. మనస్తత్వశాస్త్ర పాఠ్యగ్రంథాలు స్మృతిని వివరించేటప్పుడు అభ్యసనం, ధారణ, పునఃస్మరణ, గుర్తింపు అని నాలుగు అంశాలు చెబుతాయి. వీటిలో చివరి రెండూ వేరువేరు పనులు. చూచిన దానిని ‘ఇదే అది’ అని పోల్చుకోవడం గుర్తింపు. ఎదుట ఏమీ లేకుండా లోపలినుండి తీయడం పునఃస్మరణ. మొదటిది తేలిక, రెండవది కష్టం. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన గ్రంథంలో, అర్థంలేని అక్షరాల జట్లను తానే వల్లించి, తానే మరచి, మరల నేర్వడానికి ఎంత శ్రమ తగ్గినదో లెక్కకట్టాడు. నేర్చిన తరువాత మొదటి గంటలలోనే మరపు మిక్కిలి వేగంగా సాగుతుందని, తరువాత నెమ్మదిస్తుందని ఆయన చూపాడు. మన విద్యార్థి పరీక్షకు ముందు రాత్రి పుటలు తిరగవేస్తూ “అంతా గుర్తున్నది సార్” అంటాడు. అతడు అబద్ధమాడడం లేదు. పుట ఎదుట ఉన్నది కనుక గుర్తుపట్టుచున్నాడు. మరునాడు తెల్లకాగితం ఎదుట కూర్చున్నప్పుడు గుర్తుపట్టడానికి అక్కడ ఏమీ ఉండదు. ‘గుర్తుపట్టడం’ వేరు, ‘గుర్తుకు రావడం’ వేరు అని మన భాషే చెబుతున్నా, ‘గుర్తున్నది’ అనే మాట ఆ రెండింటినీ కలిపి కప్పివేస్తున్నది. పుస్తకం మూసి ఒక కాగితంమీద వ్రాసి చూచుకొన్నవానికి ఆ కప్పు తొలగిపోతుంది.

ఉర్దూ ఈ విషయాన్ని మరొక వైపునుండి చూస్తుంది. అరబీలో ‘హిఫ్జ్’ అంటే కాపాడడం. హిఫాజత్, ముహాఫిజ్ అనే మాటలు ఆ ధాతువు నుండే వచ్చినవి. ఖుర్ఆన్ అంతా కంఠస్థం చేసినవాడు ‘హాఫిజ్’. వీడ్కోలు వేళ మనం చెప్పుకొనే ‘ఖుదా హాఫిజ్’లో హాఫిజ్ అంటే రక్షకుడు. జ్ఞాపకశక్తికి ఉర్దూ శాస్త్రగ్రంథాలలో వాడే ‘హాఫిజా’ కూడ ఇదే. ఇక్కడ జ్ఞాపకం సూచన కాదు. ఒకరు అప్పగించిన సొమ్ము, దానికి మనిషి కావలి. పాత ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాలు భద్రపరచే గదిని ‘ముహాఫిజ్‌ఖానా’ అనేవారు. నాచారానికి దగ్గరలో, తార్నాకలో ఉన్న రాష్ట్ర పురాభిలేఖాలయంలో మొగలుల కాలపు దక్కను దస్త్రాలు, అసఫ్‌జాహీ ప్రభుత్వ పత్రాలు ఉన్నవి. మనుషులలో హాఫిజ్ చేసే పనినే దస్త్రాల విషయంలో ఆ భవనం చేస్తున్నది.

అరబీ నుండి వచ్చిన మరొక మాట ‘జిక్ర్’. దానికి తలచుకోవడం, ప్రస్తావించడం అని రెండర్థాలు. ఆ రెండూ అరబీలో విడదీయరానివి. మనవారి గురించి మాట్లాడుకొంటూ ఉండగానే వారు గుమ్మంలో కనబడితే తెలుగు ఇళ్ళలో “ఇప్పుడే నిన్ను తలచుకొన్నాం, నీకు నూరేళ్ళాయుష్షు” అంటారు. పాతబస్తీ ఇళ్ళలోనూ “అభీ ఆప్ హీ కా జిక్ర్ హో రహా థా, బడీ లంబీ ఉమ్ర్ హై ఆప్‌కీ” అంటారు. తెలుగులోని ‘తలచుకొనడం’ కూడ ఈ రెండర్థాలనూ మోస్తున్నదన్న మాట. జిక్ర్ నుండి ‘తజ్‌కిరా’ అనే సాహిత్య ప్రక్రియ పుట్టినది. కవుల పేర్లు, కొద్దిపాటి జీవితవిశేషాలు, మచ్చుకు కొన్ని పద్యాలు చేర్చిన గ్రంథం తజ్‌కిరా. 18వ శతాబ్దంలో ఔరంగాబాదుకు చెందిన లఛ్మీనారాయణ్ షఫీఖ్ ‘చమనిస్తానె షుఅరా’ అనే తజ్‌కిరాను పారసీలో రచించాడు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ను తెలుగు తజ్‌కిరా అనవచ్చునని నా అభిప్రాయం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాటకు అది 354 మంది కవులతో ఇచ్చిన సమాధానం. ప్రస్తావన లేకుంటే జ్ఞాపకం లేదన్న అరబీ ధాతువులోని సత్యం అక్కడ అక్షరాలా కనిపిస్తుంది.

మరపు విషయంలోనూ అరబీ పండితులు ఊరుకోలేదు. మానవునికి పేరైన ‘ఇన్సాన్’ను కొందరు ‘నిస్యాన్’తో, అనగా మరపుతో, ముడిపెట్టారు, ‘ఉన్స్’, అనగా చెలిమి, దాని మూలమని మరికొందరన్నారు. వ్యుత్పత్తి ఏదైనా రెండూ మనిషికి సరిపోయే గుణాలే.

పారసీ నుండి వచ్చిన ‘యాద్’ ఈ రెండింటికంటె విశాలమైనది. ‘సబఖ్ యాద్ కర్నా’ అంటే పాఠం వల్లెవేయడం. ‘మాఁ కో యాద్ కర్నా’ అంటే తల్లిపై బెంగపడడం. ‘సాహెబ్ యాద్ కర్ రహే హైఁ’ అని జవాను వచ్చి చెబితే, పైఅధికారి పిలుస్తున్నాడని అర్థం. తీరిగ్గా తలచుకొంటున్నాడని సంతోషిస్తూ కూర్చుంటే ఉద్యోగానికి ముప్పు. ఒకే క్రియ మూడు పనులు చేస్తున్నది. తెలుగులో ఈ మూడింటికి మూడు వేరు మాటలు కావలసి వచ్చును.

వాక్యనిర్మాణంలో మాత్రం తెలుగు, ఉర్దూ అన్నదమ్ములవలె నడుస్తున్నవి. ‘నాకు జ్ఞాపకం వచ్చింది’, ‘ముఝే యాద్ ఆయా’. రెండింటిలోను కర్త మనిషి కాడు. జ్ఞాపకమే నడచి వచ్చుచున్నది, మనిషి దానిని అందుకొనేవాడు మాత్రమే. ఆంగ్లంలో ‘ఐ రిమెంబర్’ అన్నప్పుడు పనిచేసేవాడు మనిషి. మరపు దగ్గర మన రెండు భాషలూ తీరు మారుస్తవి. ‘నేను మరచిపోయాను’, ‘మైఁ భూల్ గయా’. జ్ఞాపకం నా వశంలో లేదు గాని మరచిన నేరం నాదే! పూర్వులు దీనిని ఆలోచించి చేశారని నేననను. అయినా ఇంత దూరపు కుదురులకు చెందిన రెండు భాషలు ఈ ఒక్క చోట ఇంత దగ్గరగా ఉండడం గమనింపదగినది. మన విద్యార్థులు ఆంగ్లంలో చేసే ఒక పొరపాటు కూడ ఇక్కడినుండే పుట్టుచున్నది. ‘రేపు నాకు గుర్తుచేయండి’ అనడానికి బదులు ‘రేపు నన్ను తలచుకోండి’ అని అర్థం వచ్చేటట్లు ‘రిమెంబర్ మీ టుమారో’ అంటారు; అక్కడ కావలసినది ‘రిమైండ్’. ఆ మాటలోని ‘మైండ్’కు ప్రాచీన ఆంగ్లంలో జ్ఞాపకమనే అర్థముండేది. మన ‘మతి’, ‘మనస్సు’ దాని దూరపు జ్ఞాతులు. ‘మతిమరుపు’ అన్నప్పుడు మనమూ మతికి ఆ పాత అర్థాన్నే ఇస్తున్నాము.

ఇంతవరకు మూడు భాషలు చూచినాము. నాలుగవదిగా థాయి భాషను తీసుకొనడానికి కారణమున్నది. ఆ భాష కుదురు వేరైనా, బౌద్ధం ద్వారా పాలి, సంస్కృత పదాలు అందులో వేలకొలదిగా చేరినవి. ఆ బౌద్ధం మన ప్రాంతానికి పరాయిది కాదు. ఉప్పల్‌కు కొద్ది దూరంలో, చైతన్యపురి వద్ద మూసీ ఒడ్డున, విష్ణుకుండినుల నాటిదిగా చరిత్రకారులు భావించే ప్రాకృత శిలాశాసనం గోవిందరాజ విహారాన్ని పేర్కొంటున్నది. ఆ విహారంలోని భిక్షువులు వాడిన మాటలకు బంధువులైనవి నేడు బాంకాక్ వీధులలో వినిపిస్తున్నవంటే అతిశయోక్తి కాదు.

సంస్కృత ‘స్మృతి’ పాలిలో ‘సతి’ అయినది. థాయి భాషలోనూ అది ‘సతి’యే. మన తెలుగులో సతి అంటే భార్య కనుక థాయి పుస్తకం తెరచిన తెలుగువాడు మొదట తికమకపడడం సహజం. థాయిలో సతి అంటే ఎరుక, స్పృహ, జాగరూకత. ‘మోత్ సతి’ అంటే సతి అయిపోవడం, అనగా స్పృహతప్పడం. ఇక్కడ తెలుగువాడు ఆశ్చర్యపడనక్కరలేదు. మనమూ ‘స్మారకం తప్పింది’ అంటాము. ఆసుపత్రులలో ‘అపస్మారక స్థితి’ అంటారు. అదే స్మారకం మరొకచోట రాతి కట్టడం. ఒకే ధాతువు రెండు దూరదేశాలలో ఒకే మలుపు తిరిగినది. బౌద్ధుల అష్టాంగమార్గంలోని ‘సమ్యక్ స్మృతి’ని రీస్ డేవిడ్స్ 1881లో ‘మైండ్‌ఫుల్‌నెస్’ అని ఆంగ్లీకరించాడు. ఈనాడు ప్రపంచమంతా వినిపించే ఆ మాట అలా స్థిరపడినది. అంతేకాదు, లాటిన్‌నుండి ఆంగ్లంలోకి వచ్చిన ‘మెమరీ’కి సంస్కృత ‘స్మృ’ ధాతువుతో బంధుత్వమున్నదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఆంగ్ల మెమరీ, థాయి సతి, మన స్మృతి ఒక తల్లి సంతానమే గాని, పెరిగిన ఇళ్ళు వేరు.

మనం ‘సంజ్ఞ’ అనేదానిని పాలివారు ‘సఞ్ఞా’ అన్నారు. బౌద్ధశాస్త్రంలో అది వస్తువును గుర్తుపట్టే మనోవ్యాపారం. అది థాయిలో ‘సన్యా’ అయి, వ్యవహారంలో వాగ్దానం, ఒప్పందం అనే అర్థంలో స్థిరపడింది. చిహ్నం, గుర్తింపు, మాట ఇవ్వడం ఒకే తీగకు పూచిన పూలని ఈ పదం చూపుతున్నది. “ఇచ్చిన మాట గుర్తున్నదా?” అని మనం అడిగేదీ ఇదే కదా. ‘మతి’ అక్కడ సభవారు చేసిన తీర్మానానికి పేరైనది. మతిమరుపు గల సభలు ఏ దేశంలోనైనా ఉండవచ్చును.

థాయివారి సొంత మాట ‘చమ్’. దాని ముందు ‘ఖ్వామ్’ చేర్చి ‘ఖ్వామ్ చమ్’ అంటే జ్ఞాపకశక్తి. నడుమ ‘సోంగ్’ చేర్చి ‘ఖ్వామ్ సోంగ్ చమ్’ అంటే గడచిన జీవితపు జ్ఞాపకాలు. సోంగ్ అంటే నిలిపి ఉంచడం, ధరించడం. మన ‘ధారణ’ అచ్చంగా ఈ ఊహే. ఇదే ఉచ్చారణ గల మరొక ‘చమ్’కు బంధించడమని అర్థం, ‘చమ్ ఖుక్’ అంటే చెరసాలలో పెట్టడం. నిఘంటువులు ఈ రెండింటినీ వేరు మాటలుగానే ఇస్తున్నవి, కనుక ముడిపెట్టరాదు. అయినా చర్లపల్లి అనగానే పదిమందికీ కేంద్రకారాగారమే గుర్తుకు వచ్చే ఈ ఊరివారికి ఆ సామ్యం సరదాగా ఉండవచ్చును.

కంఠస్థం చేయడాన్ని చెప్పేటప్పుడు ఒక్కొక్క భాష శరీరంలో ఒక్కొక్క అవయవాన్ని ఎన్నుకొన్నది. తెలుగువారికి కంఠం, నోరు, ఉర్దూలో ‘జబానీ’, అనగా నాలుక, ఆంగ్లంలో హృదయం, థాయిలోనూ ‘ఖున్ చయ్’, అనగా మనస్సుకెక్కడం. నోటిమాటగా వేదాన్ని, పద్యాన్ని, ఖుర్ఆన్‌ను నిలుపుకొన్న సమాజాలు గొంతును, నాలుకను ఎన్నుకొనడం సమంజసంగానే ఉన్నది. మన అవధానంలో చివరి ఘట్టం పేరు ధారణ. నడుమ పృచ్ఛకులు ఎన్ని ఆటంకాలు కల్పించినా, అప్రస్తుత ప్రసంగాలతో ఎంత చెదరగొట్టినా, అవధాని పద్యాలన్నిటినీ చివర తిరిగి చదవాలి. ఆ విద్యకు మనవారు పెట్టిన పేరు జ్ఞాపకం కాదు, ‘అవధానం’, అనగా ఏకాగ్రత. థాయివారి ‘సతి’ చెప్పేదీ అదే. శ్రద్ధ లేనిదే ధారణ లేదని రెండు పేర్లూ చెబుతున్నవి.

ఇప్పుడు ‘యాది’ దగ్గరకు వద్దాం. పారసీ ‘యాద్’ తెలంగాణ తెలుగులో అజంతమై యాది అయినది. పూర్వపు కచేరీలలో జ్ఞాపకపత్రాన్ని ‘యాదాస్తు’ అనేవారు. ఆ మాట కాగితాలతోపాటు మూలపడింది. యాది మాత్రం ఇళ్ళలో నిలిచింది. ‘యాదికి వచ్చింది’, ‘యాదిల ఉంచుకో’, ‘యాది చేస్తున్నరు’ అని మన ప్రాంతపు తల్లులు, పెద్దలు అనునిత్యం అంటూనే ఉన్నారు. దీనిని అన్యదేశ్యమని త్రోసివేసేవారు ‘జ్ఞాపకం’ కూడ అరువు మాటేనన్న సంగతి గమనించాలి. పైగా ఆ అరువులో మూలార్థం మారిపోయినది, యాదిలో మారలేదు.

ఇంకొక విశేషమున్నది. తెలంగాణలో ‘యాదిమరిచిన’ అంటారు. పారసీ యాద్, తెలుగు మరపు ఒకే క్రియలో కలిసిపోయినవి. ‘జ్ఞాపకం మరచాను’ అని ఎవరూ అనరు, ‘గుర్తు మరచాను’ అన్నా అతకదు. వాడుకరి భాషలు రెండింటినీ ఎంత సొంతం చేసుకొన్నాడో ఆ ఒక్క మాట చూపుతున్నది. ఉర్దూ, పారసీ సాహిత్యాలలో నిష్ణాతులైన సామల సదాశివగారు తమ స్మృతిగ్రంథానికి ‘యాది’ అని పేరు పెట్టారు. కేంద్ర సాహిత్య అకాడమీ 2011లో వారి ‘స్వరలయలు’ను పురస్కరించింది. అంతటి పండితుడు గ్రంథం అట్టమీద వ్రాసిన మాటను విద్యార్థి సమాధాన పత్రంలో వ్రాస్తే తప్పు ఎట్లగును? శాస్త్రవిషయం వ్రాసేటప్పుడు స్మృతి, ధారణ, పునఃస్మరణ వంటి పారిభాషిక పదాలు తప్పక వాడవలసిందే. అక్కడ యాది పనికిరాదు. జ్ఞాపకం కూడ అంతగా పనికిరాదు. కాని ఒక వ్యాసంలో అమ్మమ్మ గురించి, విడిచి వచ్చిన ఊరి గురించి వ్రాసే విద్యార్థికి యాది తప్ప వేరొక మాట తోచకపోతే, ఆ స్థానంలో ‘జ్ఞాపకం’ పెట్టించి మనం సాధించేది శుద్ధి కాదు, కొరత. పరీక్షకులు ఎర్రసిరా ముంచేముందు ఈ భేదం చూడవలెనని నా మనవి.

ఈ కొరత ఎక్కడ బాగా తెలుస్తుందంటే, దూరమైనవారిపై బెంగను చెప్పేచోట. ఆంగ్లంలో ‘ఐ మిస్ యూ’ అంటారు. అనగా నీవు లేని లోటు. థాయివారు ‘ఖిత్ థుంగ్’ అంటారు. ఖిత్ అంటే తలపు, థుంగ్ అంటే చేరడం. తలపు నీదాకా వచ్చిందని వారి భావం. ఉర్దూలో ‘ఆప్‌కీ యాద్ ఆతీ హై’. పుస్తకాల తెలుగులో దీనికి ఒక్క క్రియ దొరకక, ‘నీవు లేని లోటు కనిపిస్తున్నది’ వంటి అనువాదాలు చేసి ఇబ్బంది పడుతున్నాము. చర్లపల్లి స్టేషనులో కొడుకును రైలెక్కించి వచ్చిన తల్లి సాయంత్రం ఫోనులో “నువ్వే యాదికొస్తున్నవు బిడ్డా” అంటుంది. ఆ వాక్యం దగ్గర ఏ అనువాదకుడూ తడుముకోనక్కరలేదు.